బల్బుని మందలించే మనిషి

మా చిన్నమామయ్యగారు ఎవరింటికి వెళ్లినా ముందు మనుషుల్ని చూసేవారు కాదు. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే తల పైకెత్తి కప్పు చూసేవారు. "రండి, రండి, కూర్చోండి" అంటూ ఇంటివాళ్లు కుర్చీ జరిపితే, ఆయన ఆ కుర్చీని ఇంకో రెండడుగులు లాగి సరిగ్గా దీపం కింద వేసి, దాని మీద కూర్చోకుండా ఎక్కి నిలబడేవారు. గాజు డోము మీది దుమ్ము కండువాతో తుడిచి, లోపల ఎన్ని వాట్ల బల్బు పెట్టాలో రాసి అంటించిన చిన్న కాగితం కళ్లు చికిలించి చదివి, "ఇందులో ఎంతది పెట్టారమ్మా?" అని అడిగేవారు. కుశలప్రశ్నలు ఆ తర్వాతే.

ఆయన మా మామగారి తమ్ముడు, మా ఆవిడకి సొంత బాబాయి. వాళ్లది పర్చూరు దగ్గర పల్లెటూరు. చిలకలూరిపేటలో హైవే పక్కనున్న ఒక పత్తి జిన్నింగు మిల్లులో ఎలక్ట్రీషియనుగా చేసి రిటైరయ్యారు. పోయిన నెల కాలం చేశారు. ఆయన పెదకర్మకి వెళ్లివచ్చాక ఇది రాస్తున్నాను. ఆయన గురించి రాద్దామనే కూర్చున్నాను గానీ, ఆయన గురించి చెప్పాలంటే నా నిర్వాకం చెప్పక తప్పేట్టు లేదు.

నేను గుంటూరులో ఫిజిక్సు లెక్చరర్ని. విద్యుత్తు వల్ల వేడి ఎలా పుడుతుందో ఇరవై రెండేళ్లుగా పిల్లలకి చెబుతున్నాను. బోర్డు మీద సూత్రం రాసి, దాని చుట్టూ డబ్బా గీసి, "ఇది పరీక్షలో తప్పకుండా వస్తుంది" అంటాను. పరీక్షలో కాకుండా ఇంకెక్కడైనా వస్తుందని మాత్రం నాకెప్పుడూ తోచలేదు.

పెళ్లయిన కొత్తలో ఆయన మా అద్దె ఇంటికి వచ్చారు. అలవాటు ప్రకారం తల పైకెత్తి చూశారు, కుర్చీ ఎక్కారు. పెళ్లిలో ఎవరో బహుమతిగా ఇచ్చిన గోడ దీపం అది. దాని మీద నలభై వాట్లకి మించకూడదని రాసి ఉంది. నేను వంద పెట్టాను. వేరేవాళ్లయితే ఆయన అక్కడే కడిగేసేవారు. కానీ నేను కొత్త అల్లుణ్ణి. మా అత్తగారి ఊళ్లో అల్లుణ్ణి ఒక మాట అనడమంటే మామూలు విషయం కాదు. అందుకని ఆయన నన్ను వదిలేసి బల్బుని పట్టుకున్నారు.

"ఏమ్మా, నిన్నెవరు రమ్మన్నారే ఇక్కడికి?" అన్నారు బల్బుతో. "ఇది నలభై వాట్ల ఇల్లు. నీ ఒళ్లేంటి, ఈ ఇల్లేంటి? గాలి ఆడద్దా నీకు? అయినా నిన్ననేం లాభంలే. నీకేం తెలుసు, నువ్వు బల్బువి. పెట్టినోళ్లకి తెలియాలి." ఇదంతా అయ్యాక నా వైపు తిరిగి ఎంతో మర్యాదగా, "మిమ్మల్ని కాదండి అల్లుడుగారూ" అన్నారు.

నేను ఊరుకోవచ్చుగా! ఆయనకి పాఠం చెప్పాను. హోల్డరు సైజు ఒకటే అయినప్పుడు, పిన్నులు అవే అయినప్పుడు, కంపెనీవాళ్లు జాగ్రత్త కోసం తక్కువ రాస్తారనీ, అసలు హద్దు దానికి ఎంతో పైన ఉంటుందనీ వివరించాను. ఆయన చేతులు కట్టుకుని మొత్తం విన్నారు. "అట్టాగా అండీ" అన్నారు. తర్వాత తన చేతిసంచీలోంచి తువ్వాల్లో చుట్టిన నలభై వాట్ల బల్బు తీసి బిగించారు. ఊరెళ్లేటప్పుడు మనం మందుబిళ్లలు పెట్టుకున్నట్టు ఆయన నలభై వాట్ల బల్బు పెట్టుకునేవారు. ఆయన బస్సెక్కేదాకా ఆగి నేను మళ్లీ వంద పెట్టేశాను.

ఆయన చెయ్యి కూడా ఒక పనిముట్టే. స్విచ్చిబోర్డు మీద, హోల్డరు పక్కన, డోము చుట్టూ గోడ మీద అరచెయ్యి తిప్పి వెనక వైపుతో తాకి చూసేవారు. జ్వరం చూసే డాక్టరు కూడా అంత నిదానంగా చూడడు. "ఎలుగు అందరికీ కనపడుద్ది. ఏడి చెయ్యి పెట్టినోడికే తెలుసుద్ది" అనేవారు. ఈ ముక్క రోజుకి నాలుగుసార్లయినా అనేవారు. మా ఆవిడ చిన్నప్పుడు దాన్ని ఎక్కాలతో పాటు వల్లె వేసేదట.

మిల్లు సంగతి అడిగితే ఎక్కువ చెప్పేవారు కాదు. అక్కడ గాలి నిండా దూది నూగే. ఆ నూగు బల్బుల మీద పేరుకోకుండా తుడవడం, ఏ దీపానికి ఎంత బల్బు వెయ్యాలో అంతే వెయ్యడం ఆయన ఉద్యోగం. "ఇరవై ఎనిమిదేళ్లు చేశానండీ. ఒక్క నిప్పురవ్వ కూడా రాలలా. అందుకే నన్ను ఒక్కడూ మెచ్చుకోలా" అనేవారు నవ్వుతూ. ఆ నవ్వులో కొంచెం బాధ ఉండేదని నాకిప్పుడు అనిపిస్తుంది. అప్పుడు నేనూ నవ్వాను.

మా బావమరిది పెళ్లిచూపులకి పెద్దమనిషిగా ఆయన్ని తీసుకెళ్లారు. నేనూ ఉన్నాను. అమ్మాయి కాఫీలు తెచ్చింది. అందరూ అమ్మాయిని చూస్తుంటే ఆయన కప్పుని చూస్తున్నారు. పిల్ల నచ్చలేదేమోనని పిల్ల తండ్రికి ముచ్చెమటలు పోశాయి. చివరికి చిన్నమామయ్యగారు గొంతు సవరించుకుని, "ఆ డోములో ఎంతది పెట్టారండీ?" అన్నారు. పెద్దలెవరికీ తెలియలేదు. ఆ అమ్మాయే, "అరవైదండీ. నలభయ్యే పెట్టమని రాసుంది. అది మాడిపోతే షాపులో ఇదే ఉందని నాన్న తెచ్చాడు. నేను వద్దన్నాను" అంది. "ఇంక అడగాల్సిందేం లేదు, తాంబూలాలు మార్చుకోండి" అన్నారాయన. ఆ అమ్మాయే ఇప్పుడు మా బావమరిది భార్య. వాడి జీవితంలో జరిగిన ఒకే ఒక్క మంచి అదేనని మా ఇంట్లో అందరం ఒప్పుకుంటాం, వాడితో సహా.

ఇక నా ఘనకార్యానికి వస్తాను. పదకొండేళ్ల కిందటి మాట. ఎల్లీడీలు అప్పటికింకా పల్లెటూళ్లకి సరిగా చేరలేదు. శనాదివారాలు కలిసొచ్చి అత్తగారింటికి వెళ్లాం. దిద్దాల్సిన పేపర్ల కట్ట వెంట తీసుకెళ్లాను, పనిమంతుణ్ణని వాళ్లకి తెలియాలిగా.

ఆ ఏడు పత్తికి ధర లేదు. ధర వచ్చేదాకా ఆపుదామని మా మామగారు తీసిన పత్తినంతా హాల్లో పోయించారు. పత్తి పండించే ఇళ్లల్లో ఇది మామూలే. సోఫాలు వసారాలోకి వెళ్తాయి, పత్తి హాల్లోకి వస్తుంది. గోడ నుంచి గోడకి నిండి, మధ్యలో పైకి లేచి, కప్పుకి వేలాడే గాజు డోముకి మూరెడు దూరం దాకా వచ్చింది. ఒక మూల మాత్రం బల్లా కుర్చీ పట్టే చోటు మిగిలింది. ఆ డోము కూడా నేను గుంటూరులో కొనిచ్చిందే. నలభై వాట్లది. పత్తి వచ్చిన రోజునే చిన్నమామయ్యగారు అందులో బల్బు తీసేసి ఇరవై అయిదుది పెట్టారు. "పత్తి ఉన్నన్నాళ్లూ ఇంతే" అని ఇంట్లో అందరికీ చెప్పారు. నాకూ చెప్పారు.

ఆ ఊళ్లో పొలాల మోటార్లు తిరుగుతున్నంతసేపూ ఓల్టేజి ఉండదు. ఇరవై అయిదు వాట్ల బల్బులో తీగ ఎర్రగా కనపడేదే గానీ, ఆ వెలుతుర్లో మార్కులు కాదుగదా, పేపరే కనపడేది కాదు. వసారాలో కూర్చుంటే దోమలు. శనివారం మధ్యాహ్నం పర్చూరు వెళ్లి వంద వాట్ల బల్బు తెచ్చాను. అయితే నేను గుడ్డిగా పెట్టేసే రకం కాదు. చదువుకున్నవాణ్ణి, లెక్క వేశాను. ఒక పిల్లాడి ఆన్సరు పేపరు వెనక ఖాళీ ఉంటే అక్కడే వేశాను. రెండొందల ముప్పై రావాల్సిన ఓల్టేజి నూట అరవై వస్తోంది గనక ఈ వంద వాట్ల బల్బు నిజానికి నలభై ఎనిమిది వాట్లే తింటుంది. నలభై వాట్ల డోములో నలభై ఎనిమిది. ఎనిమిది వాట్లు ఏం చేస్తాయి! లెక్క తప్పు లేదు. ఇప్పటికీ తప్పు లేదు. సూత్రం రాసి చుట్టూ డబ్బా కూడా గీశాను.

సాయంత్రం ఆరింటికి దీపం వేసుకుని మూలన కూర్చున్నాను. మా మామగారూ, బావమరిదీ కల్లంలో మిరపకాయలు కుప్ప చేసి పట్టాలు కప్పడానికి వెళ్లారు. ఆడవాళ్లు పెరట్లో ఉన్నారు. వెలుతురు హాయిగా ఉంది. నా శాస్త్రజ్ఞానానికి నేనే మురిసిపోతూ పిల్లల తప్పులకి సున్నాలు చుడుతున్నాను.

ఏడింటికి గది ఒక్కసారిగా పట్టపగల్లా అయింది. పొలాలకిచ్చే కరెంటు తీసేసే టైము అది. మోటార్లన్నీ ఆగాయి, ఓల్టేజి పైకి లేచింది. నా నలభై ఎనిమిది వాట్ల బల్బు నూటికి నూరు వాట్ల బల్బైంది. నాకు సంతోషం వేసింది. "ఈ ఊళ్లోనూ కరెంటు బాగుపడింది" అనుకున్నాను.

ఇంకాసేపటికి చేపల వాసన వచ్చింది. హోల్డరు కాలితే, వైరు తొడుగు మాడితే అచ్చం అలాంటి వాసనే వస్తుందని నాకు తెలియదు, పుస్తకంలో లేదు. పొద్దున ఎవరో వాడరేవు వెళ్తున్నారని విన్నాను. ఎండుచేపలు తెప్పించినట్టున్నారు, అల్లుడొచ్చాడని వేపుతున్నారు కాబోలు అనుకుని, అత్తగారి మీద గౌరవం పెరిగి, అప్పుడు దిద్దుతున్న కుర్రాడికి రెండు మార్కులు ఎక్కువ వేశాను. డోము నా నెత్తికి నాలుగడుగుల దూరంలో ఉంది. తల ఎత్తి చూడలేదు.

చిన్నమామయ్యగారు వీధిలో నడిచి వస్తూ మా కిటికీలో వెలుతురు చూశారు. ఆయన పరిగెత్తడం నేను అదే మొదటిసారి చూడటం. అప్పటికి ఆయనకి అరవై ఎనిమిదేళ్లు. గుమ్మంలోకి వస్తూ ఆయన "అల్లుడుగారూ, లేవండి!" అనడమూ, పైన డోము టప్పున పగలడమూ ఒక్కసారే జరిగాయి. సగం గాజూ, మాడుతున్న హోల్డరు ముక్కా పత్తి మీద పడ్డాయి. ఆయన ముందు మెయిను ఆపారు. చీకట్లో తెల్లటి పత్తి మధ్య ఎర్రటి చుక్క ఒకటి కనపడింది. చూస్తుండగానే అది గిన్నెంత అయింది.

ఆయన మోకాళ్ల లోతు దిగబడుతూ కుప్ప ఎక్కారు. మంట లేదు, పత్తి లోపల్లోపల కాలుతోంది. రెండు చేతులతో ఆ చోటుని చుట్టూతా తోడి, కండువాలో వేసుకుని పెరట్లోకి పరిగెత్తారు. మళ్లీ వచ్చి ఇంకా కిందకి తోడారు. నేను ఎక్కడివాణ్ణి అక్కడే నిలబడ్డాను. "ఒరేయ్! ఏంట్రా ఆ చూట్టం! ఆ సెల్లు లైటు ఇటు కొట్రా!" అని అరిచారు. లైటు కొట్టాను. కానీ ఇది ఒప్పుకుని తీరాలి. మామగారి ఏడాది పంట కళ్లముందు కాలుతుంటే నాకు వచ్చిన మొదటి ఆలోచన, ఈయన అల్లుణ్ణి పట్టుకుని ఒరేయ్ అన్నారే అని.

నాలుగుసార్లు తోడాక ఆయన చెయ్యి గుంటలోకి దింపి, చాలాసేపు అలాగే ఉంచి, చల్లగానే ఉందని తేల్చుకుని దిగారు. కుడి అరచెయ్యి బొబ్బలెక్కింది. అప్పటికి పెరట్లోంచి ఆడవాళ్లూ, కల్లం నుంచి మామగారూ బావమరిదీ పరిగెత్తుకొచ్చారు. మామగారు పగిలిన డోము చూశారు, పత్తిలో గుంట చూశారు. ఆయన ముఖం నల్లబడిపోయింది.

"ఎవర్రా ఇందులో పెద్ద బల్బు పెట్టింది?" అన్నారు.

నా చేతిలో ఎర్ర కలం ఉంది. బల్ల మీద బల్బు తాలూకు అట్టపెట్టె ఉంది. చిన్నమామయ్యగారు ఒకసారి నన్ను చూశారు. అట్టపెట్టెని కాలిన చేత్తోనే తీసి జేబులో పెట్టుకున్నారు.

"నేనే అన్నయ్యా" అన్నారు. "అల్లుడుగారికి కళ్లు లాగుతున్నయ్యంటే పొద్దున నేనే మార్చా."

"నువ్వా! నీకేమన్నా మతి పోయిందా?" అని మామగారు ఆయన్ని పట్టుకుని పది నిమిషాలు ఆపకుండా తిట్టారు. ఊరందరికీ నీతులు చెప్పి ఇంటికి నిప్పు పెడతావా అన్నారు. అరవై ఎనిమిదేళ్ల మనిషి అందరి ముందూ తల దించుకుని తిట్లు తిన్నారు. బావమరిది నన్ను, "నిజమేనా బావా?" అని అడిగాడు. నేను ఔననలేదు. తలాడించాను. దానికీ దీనికీ ఏదో తేడా ఉందని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను.

అంతటితో ఆగానా! అన్నాల దగ్గర, మోటార్లు ఆగితే ఓల్టేజి ఎందుకు పెరుగుతుందో అందరికీ విడమరిచి చెప్పాను. చిన్నమామయ్యగారు చేతికి గుడ్డ చుట్టుకుని చేతులు కట్టుకుని విన్నారు. "అట్టాగా అండీ" అన్నారు. భోజనాలయ్యాక నన్ను పక్కకి పిలిచి, "ఇందాక తొందర్లో నోరు జారి ఒరేయ్ అన్నాను. మనసులో పెట్టుకోకండి అల్లుడుగారూ" అన్నారు. ఫర్వాలేదని నేను పెద్దమనసు చేసుకుని ఆయన్ని క్షమించాను.

ఆ తర్వాత ఊళ్లో ఆయనకి నోరు లేకుండా పోయింది. ఎవరింట్లోనన్నా "ఇందులో ఎంతది పెట్టారు?" అంటే, "మీ అన్నగారింట్లో ఎంతది పెట్టావు?" అని నవ్వేవారు. ఓ ఏడాది పోరాడారు. ఆ పైన అడగడం మానేశారు. తర్వాత్తర్వాత ఎవరింటికి వెళ్లినా వేసిన కుర్చీలో వేసినట్టే కూర్చుని, నేలకేసి చూస్తూ, ఇచ్చిన కాఫీ తాగి వచ్చేసేవారు. వయసు మీదపడి శాంతించారని అందరూ అన్నారు. నేను కూడా అన్నాను.

ఆ పదకొండేళ్లలో చెప్పాలనుకోని రోజు లేదు. ప్రతి పండక్కీ చెబుదామనే బయల్దేరేవాణ్ణి. బస్సులో వాక్యాలు తయారుచేసుకునేవాణ్ణి. పర్చూరు వచ్చేసరికి వాక్యం బాగా కుదిరేది, ఊళ్లో దిగేసరికి ధైర్యం దిగిపోయేది. మామగారు బీపీ మనిషి అనీ, పాతవి తవ్వడం ఎందుకనీ, ఆయనే మర్చిపోయుంటారనీ ఏవేవో కారణాలు. క్లాసులో కుర్రాళ్లు ఇలాంటి కారణాలు చెబితే బయట నిలబెడతాను.

పెదకర్మ భోజనాల దగ్గర అందరూ ఆయన కబుర్లు చెప్పుకున్నారు. పెళ్లిచూపుల కథ వచ్చింది, సంచీలో బల్బు కథ వచ్చింది. "ఎన్ని చెప్పినా, అంతటి మనిషీ మా ఇంట్లో వంద వాట్ల బల్బు పెట్టి పత్తి తగలబెట్టబోయాడు" అని బావమరిది నవ్వాడు. వాడి నవ్వులో కూడా ప్రేమే ఉంది. అందరూ నవ్వారు. నేను చేతిలో ముద్ద విస్తట్లోనే పెట్టేశాను.

"ఆ బల్బు పెట్టింది నేను" అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. పర్చూరులో కొన్నాననీ, లెక్క వేశాననీ, ఆయన నన్ను కాచారనీ మొత్తం చెప్పేశాను. బస్సులో తయారుచేసిన వాక్యాల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. సిగ్గుతో నేను ఏడ్చాను. మామగారు విస్తరి ముందు నుంచి లేచి వెళ్లిపోయారు.

వడ్డన చూస్తూ గుమ్మం దగ్గర కూర్చునున్న ఆయన భార్య, మా చిన్నత్తయ్యగారు మాత్రం కదల్లేదు.

"నాకు తెలుసు నాయనా" అంది. "చెయ్యి కాలితే పది రోజులు నేనేగా అన్నం కలిపి పెట్టింది. నాకు చెప్పకుండా ఉంటాడా? నలుగురిలో చెప్పేస్తానని నేను లేస్తే నా చేత ఒట్టేయించుకున్నాడు. అల్లుడుగారంతట ఆయనే చెప్తాడే, చదువుకున్నాయన, కొంచెం టైం పట్టుద్ది అన్నాడు. మీరొస్తున్నారని తెలిస్తే పొద్దున్నే గడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా ఏసుకుని కూర్చునేవాడు. ఇయ్యాళ చెప్తాడేమోనే అనేవాడు. మీరెళ్లాక, వచ్చేసారి లే అనేవాడు."

నేను లేచి వెళ్లి ఆవిడ ముందు నేల మీద కూర్చున్నాను.

"పదిహేను రోజుల ముందు చెప్పినా వినేవాడు గదా నాయనా" అంది.

కోపంగా అనలేదు. అడిగింది, అంతే.